బంతి పట్టు చేతితొడుగు

గడచిన నెల ఈ శీర్షికలో మనము కుట్టుసూదిని గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ నెల తిరుగలిని గూర్చి వ్రాయవలెనని కాగితములు సిద్ధపఱచుకొంటిని. కాని తలచిన దొకటి, జరిగిన దొకటి. పది దినముల క్రిందట మా వారు పాఠశాలనుండి వచ్చుచు ఒక గోనెసంచి తెచ్చి వసారాలో దించిరి. విప్పి చూతును గదా, అందులో తొమ్మిది తోలు చేతితొడుగులున్నవి. ఒక్కొక్కటియు విప్పిన మోదుగాకు విస్తరంత యున్నది. ఘటోత్కచుని అరచేతికి కొలతలు తీసి కుట్టిరేమో యనిపించినది. పాఠశాలలోని ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ అను బంతియాట ఆడుచున్నారనియు, ఈ గ్లౌజుల పట్టీలు తెగి మూలపడి యున్నవనియు చెప్పి, "నీకు కుట్టుపని వచ్చును గదా, వీనిని కొంచెము బాగుచేసి పెట్టెదవా?" అని మా వారు నన్నడిగిరి.

తోలువస్తువు గడప దాటి లోనికి రారాదని మా అత్తగారి ఆన. కావున నాలుగు దినములు మధ్యాహ్నపు పని తీరిన పిమ్మట వసారాలోనే చాప పఱచుకొని కూర్చుండి కుట్టితిని. కుట్టుచున్నంతసేపును నాకొక్కటే చింత. ఈ వల యేల? ఈ మెత్త యేల? ఈ రెండు వ్రేళ్లను కలిపి కట్టిన పట్టీ యేల? ఏ బుద్ధిమంతుడు దీని నిట్లు కల్పించెను? నా పోరు పడలేక మా వారు గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి యిచ్చిరి. చదివినకొలది ఇది ఆటవస్తువు చరిత్రమాత్రమే కాదనియు, సిగ్గునకును నొప్పికిని జరిగిన పోరాటపు చరిత్ర యనియు నాకు తెలియవచ్చినది.

ఆ వారమే జరిగిన మఱియొక సంగతి కలదు. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా రెండవ అమ్మాయి కుడిచేతి చూపుడువ్రేలు వాచి కనబడినది. ఏమని యడుగగా "తలుపుసందున పడినదమ్మా" అన్నది. పసుపును సున్నమును కలిపి పట్టు వేసి ఊరకుంటిని. ఆ వ్రేలి కథ కడపట చెప్పెదను.

ఈ చేతితొడుగు పుట్టినది అమెరికా దేశమున, బేస్‌బాల్ అను ఆటలో. మన పిల్లలాడు సాఫ్ట్‌బాల్ దానికి చెల్లెలు వంటిది. బేస్‌బాల్ బంతి తోలు కప్పిన గట్టిబంతి. బరువు సుమారు 145 గ్రాములు, చుట్టుకొలత 9 అంగుళములు. దానిని ఒకడు విసరును, ఒకడు గుండ్రని కఱ్ఱతో కొట్టును, తక్కినవారు నేల తాకకముందే పట్టుకొనుటకు చూతురు. నేటి పిచ్చరులు, అనగా బంతి విసరువారు, దానిని గంటకు 90 మైళ్లకు మించిన వేగముతో విసరుచున్నారు. పిచ్చరు విసరిన ప్రతి బంతిని పట్టుటకు కొట్టువాని వెనుక కూర్చుండువాడు క్యాచరు. ఆట ముగియువరకు ఎన్ని బంతులు వాని అరచేతిని తాకునో ఊహించుకొనుడు.

అట్టి ఆటను మొదట అందఱును వట్టిచేతులతోనే ఆడిరి. నొప్పి నోర్చుటయే మగతనమని వారి తలంపు. వంకరపోయిన వ్రేళ్లును, విఱిగి యతికిన కణుపులును ఆటగానికి బిరుదులుగా నుండెను. 1870వ సంవత్సరమున సిన్సినాటి నగరపు జట్టులో క్యాచరుగా నుండిన డగ్ అలిసన్ అను నతడు గాయపడిన యెడమచేతిని కాపాడుకొనుటకై, గుఱ్ఱపు జీనులు కుట్టువానిచే మెత్తని తోలుతొడుగు చేయించుకొనెను. మనకు వివరముగా తెలిసిన తొడుగులలో ఇదియే మొదటిదని చెప్పుదురు. కాని తక్కినవారు అతనిని అనుకరింపలేదు.

1875వ సంవత్సరమున చార్లెస్ వెయిట్ అను నాటగాడు మైదానమున తొడుగు వేసికొని నిలిచెను. ఆ తొడుగు అతని చర్మపు రంగుననే యుండెను. దూరమునుండి చూచువారికి తెలియకూడదని అతడు కోరి అట్టి రంగు నెంచుకొనెనట. అయినను జనులు కనిపెట్టి నవ్విరి. ఆనాడు ఎదుటి జట్టులో నుండిన ఆల్బర్ట్ స్పాల్డింగు అను ప్రసిద్ధుడు దీనిని చూచి, తరువాత 1911లో తాను ప్రకటించిన గ్రంథమున వ్రాసియున్నాడు. తొడుగు వేసికొనుటకు సిగ్గుపడుచున్నానని వెయిట్ అతనితో ఒప్పుకొనెనట.

సోదరీ! ఈ ఘట్టము చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో, పొయ్యిమీది గంజిగిన్నెను మసిగుడ్డ లేకయే దించగలనని చూపుటకు ఎన్నిమారులు వ్రేళ్లు కాల్చుకొంటినో నాకు తెలియును. ఆ బొబ్బలను కొంగు మాటున దాచినది నేనే. నన్నెవరును గుడ్డ పట్టవద్దనలేదు. ఎవరైనను నవ్వుదురేమో యను భయమే నా చేతిని కాల్చినది.

మన పురాణములలోని వీరులకు ఈ సిగ్గు లేదు. విశ్వామిత్రుని వెంట నడచిన రామలక్ష్మణులు ఉడుముతోలుతో చేసిన అంగుళిత్రాణములను ధరించియుండిరని వాల్మీకి వర్ణించెను. అల్లెత్రాటి యొరపిడికి వ్రేళ్లు చిట్లకుండ కాపాడు తొడుగులవి. రాముడు వ్రేళ్లకు తోలు చుట్టుకొనెనని ఆయనను పిరికివాడన్నవా రెవరు?

స్పాల్డింగు బుద్ధిమంతుడు. 1876లో అతడు చికాగో నగరమున ఆటవస్తువుల అంగడి తెఱచెను. ఆ మఱుచటి సంవత్సరము తానే నల్లని తొడుగును, దాచక, అందఱకు కనబడునట్లు తొడిగికొని మైదానమునకు వచ్చెను. లోన మెత్తలు కూడ చేర్చుకొనెను. అతడు పేరుపడ్డ ఆటగాడు గనుక ఎవరును నవ్వలేదు. అంగడివాడు గనుక తొడుగులును అమ్ముడుపోయెను. ఊరిలో పెద్దయిల్లాలు ఒక క్రొత్త పని చేసినచో అది ఆచారమగును, పేదయిల్లాలు చేసినచో అపచారమగును. ఇదియు అట్టిదే.

అది మొదలు తొడుగు రూపము మాఱుచు వచ్చినది. 1880కి పిమ్మటి సంవత్సరములలో ప్రావిడెన్స్ నగరపు జట్టువాడగు ఆర్థర్ ఇర్విన్‌కు ఎడమచేతి వ్రేళ్లు రెండు విఱిగినవి. ఆట మానుట కిష్టములేక అతడు బండి తోలువారు వేసికొను పెద్ద తోలుతొడుగు నొకదానిని తీసికొని, లోపల మెత్త పెట్టి, కట్టు కట్టిన వ్రేళ్లు రెండును ఇముడునట్లు తొడుగుయొక్క రెండు వ్రేళ్లను కలిపి కుట్టెను. గాయము మానినను తొడుగును మానలేదు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున డ్రేపర్, మేనార్డు అనువారి కర్మాగారము ఆ నమూనాను పెక్కింటిని చేసి అమ్మెను. వట్టి చర్మము కప్పుటతో తృప్తిపడక, దెబ్బ నాపుటకు మెత్త పెట్టిన తొడుగులకు ఇది దారిచూపినది.

క్యాచరుల బాధ వేఱు. వారికి అయిదు వ్రేళ్ల తొడుగు చాలలేదు. 1888లో కాన్సస్ సిటీ జట్టువాడగు జో గన్సన్ తన వ్రేలు గాయపడగా, తొడుగు వ్రేళ్లన్నియు కలిపి కుట్టి, చుట్టును దిండువలె మెత్త యమర్చి, పైన తోలు కప్పి తలగడవంటి సాధనము చేసికొనెను. దీనినే మిట్ అందురు. అతడు దానికి హక్కుపత్రము తీసికొనలేదు. హ్యారీ డెక్కర్ అను మఱియొక క్యాచరు తన నమూనాకు 1889లో పేటెంటు పొందెను. కొంతకాలము ఆ మిట్టులను డెక్కరులనియే జనులు పిలిచిరి. ఇట్లు కల్పన యొకనిది, పేరు మఱియొకనిది కావచ్చును. వంటయింట ఈ న్యాయము మనకు క్రొత్త కాదు.

మెత్తలు పెరుగగా పెరుగగా తొడుగులు దుప్పటులంత కాసాగెను. కావున 1895లో నిబంధన యేర్పడెను. క్యాచరును, మొదటి బేసునొద్ద నిలుచువాడును తప్ప తక్కిన ఆటగాండ్ర తొడుగులు 10 ఔన్సుల బరువును, 14 అంగుళముల చుట్టుకొలతను మించరాదని శాసించిరి.

అప్పటికిని వట్టిచేతుల వ్రతము విడువని వాడొకడుండెను. సిన్సినాటి జట్టులో రెండవ బేసు కాచిన బిడ్ మెక్‌ఫీ. అతడు చేతులు గట్టిపడుటకై ఉప్పునీట నానవేయుచుండెనట. అదియే తన బలమని నమ్మెను. కాని 1896లో వ్రేలు గాయపడి అతడును తొడుగు వేసికొనెను. ఏమైనదో తెలియునా? ఆ యేడు పట్టవలసిన ప్రతి వేయింటిలోను 978 తప్పు లేకుండ నెఱవేర్చెను. రెండవ బేసువారిలో అది ఇరువదేండ్లకు పైగా ఎవరును దాటలేని లెక్క. పదునాలుగేండ్లు నొప్పి నోర్చినను రాని ఫలము ఒక తోలుముక్క తొడుగగనే వచ్చినది. ఓర్పు గొప్పదే. కాని అక్కఱలేని చోట పెట్టిన ఓర్పు చేతి నేర్పును కూడ దాచివేయును. 2000వ సంవత్సరమున అతని పేరు కూపర్స్‌టౌన్ నందలి కీర్తిమందిరమున చేర్చబడెను.

ఇంతవరకు తొడుగు చేతిని కాపాడుటకే యుండెను. దానిని బంతి పట్టు యంత్రముగా మార్చినవాడు బిల్ డోక్. సెయింట్ లూయీస్ నగరపు పిచ్చరతడు. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ చిన్న తోలుముక్క కుట్టుట అదివఱకే కలదు. డోక్ ఆ ముక్కను తీసివేసి, అక్కడ తోలుపట్టీలతో వలవలె అల్లి, బొటనవ్రేలిని దూరముగా జరిపి, అరచేతిలో ఒక గుంట యేర్పడునట్లు చేయవచ్చునని తలచెను. తలచి అదే నగరమున 1887 నుండి యున్న రాలింగ్స్ అను ఆటవస్తువుల సంస్థకు చెప్పెను. వారు 1920లో దానిని చేసి అమ్మసాగిరి. 1922లో పేటెంటు వచ్చినది. అటుపిమ్మట దాదాపు ముప్పదేండ్లు అది అమ్ముడుపోయెను.

దీని మర్మము మనకు సులభముగా తెలియును. నీరు పట్టుటకు దోసిలి యొగ్గునప్పుడు అరచేయి చాచి యుంచుదుమా? గుంట చేయుదుము గదా. చాచిన చేతిమీద పడిన బంతి ఎగిరిపోవును. గుంటలో పడిన బంతి నిలుచును. వల సాగి బంతి వేగమును మ్రింగును. కావున దెబ్బ అరచేతి యెముకలకు తగులక వ్రేళ్ల నడుమ తీరిపోవును. నా యొడిలో నున్న తొమ్మిది తొడుగులకును ఈ వలయు, ఈ గుంటయు కలవు. నూఱేండ్ల క్రిందటి పిచ్చరు ఆలోచనను నేను మా వసారాలో తోలుపట్టీతో మఱల అల్లుచుంటిని!

ఆ రాలింగ్స్ వారియొద్దనే హ్యారీ లాటినా అను శిల్పి 1922 మొదలు నలుబదేండ్లకు దగ్గరగా తొడుగుల కల్పనయే వృత్తిగా జీవించెను. అతనిని తొడుగుల వైద్యుడని పిలిచెడివారు. గుంటను లోతుచేయుట, వలకు గట్టి లంగరు వేయుట, మొదటి బేసువానికి పీతకొండివలె మూసికొను మిట్టు చేయుట మొదలగునవి అతని చేతి చలువలు.

ఇక్కడ నొక వింత చెప్పవలెను. 1954 వఱకును ఆటగాండ్రు తమ వంతు బంతి కొట్టుటకు పోవునప్పుడు తొడుగులను మైదానముననే పచ్చికమీద విడిచిపోవుట ఆచారము. ఎదుటి జట్టువారు ఆ తొడుగుల నడుమ పరుగెత్తి ఆడెడివారు. ఆ సంవత్సరము నిబంధన మాఱి, ఎవరి తొడుగును వారు వెంట గొనిపోవలసి వచ్చినది.

1957లో విల్సన్ అను సంస్థవారు ఏ2000 అను తొడుగును తెచ్చిరి. అది మునుపటివానికంటె పెద్దది, మెత్త పలుచనిది. మణికట్టు దగ్గర మెత్తను తగ్గించి, పుస్తకము మూసినట్లు బంతిమీద మూసికొనునట్లు దానిని కుదిర్చిరి. నేటి తొడుగులన్నియు ఇంచుమించు దాని పిల్లలే. క్యాచరుల మిట్టునకును 1960కి పిమ్మట ఇట్టి మడత వచ్చినది. అదివఱకు తలగడ వంటి మిట్టునుండి బంతి జాఱకుండ రెండవ చేతితో అదుమవలసి యుండెను. అందుచేత ఆ వట్టిచేతి వ్రేళ్లు విఱుగుచుండెను. మడత మిట్టుతో ర్యాండీ హండ్లీ, జానీ బెంచ్ అను క్యాచరులు ఒంటిచేత పట్టుట నేర్చిరి. బెంచ్ తన కుడిచేతిని వెనుక దాచుకొని కాపాడుకొనెడివాడు.

అతి సర్వత్ర వర్జ్యమని పెద్దలందురు. బాల్టిమోర్ జట్టులో హోయ్ట్ విల్‌హెల్మ్ అను పిచ్చరు వంకరటింకరగా తేలిపోవు బంతులు విసరుచుండగా వాని క్యాచరులు పట్టలేక అలసిపోయిరి. ఆ జట్టు నడుపు పాల్ రిచర్డ్స్ ఒక మహామిట్టు చేయించెను. 1960 మే 27న క్లింట్ కోర్ట్‌నీ దానిని తొడిగి ఆడెను. చూచినవారికి అది చేటవలె నుండెనేమో! తుదకు 1965లో క్యాచరు మిట్టు చుట్టుకొలత 38 అంగుళములు మించరాదని కట్టడి వచ్చినది.

ఈ కథలో స్త్రీలు లేరా యని మీరడుగవచ్చును. కలరు. రెండవ ప్రపంచయుద్ధకాలమున పురుషులు సైన్యమునకు పోగా, 1943లో చికాగో వర్తకుడు ఫిలిప్ రిగ్లీ స్త్రీలకై ఒక వృత్తి క్రీడాసమాజమును నెలకొల్పెను. అది 1954 వఱకు నడచినది. 600 మందికి మించి స్త్రీలు జీతము పుచ్చుకొని అందులో ఆడిరి. మొదట వారి బంతి సాఫ్ట్‌బాల్ బంతివలె 12 అంగుళముల చుట్టుకొలత గలది. ఏటేట దానిని తగ్గించుచు రాగా తుదకు పురుషుల బంతియంతయే యైనది. 1988లో కూపర్స్‌టౌన్‌లో వారి జ్ఞాపకార్థము ప్రదర్శనము తెఱచిరి. పిల్లల లిటిల్ లీగు 1939లో పుట్టినను, న్యాయస్థానముల త్రోవ తొక్కిన పిమ్మటనే 1974లో ఆడపిల్లలను చేర్చుకొనెను. 2014లో పదుమూడేండ్ల మోనే డేవిస్ ఆ లీగు ప్రపంచపోటీలలో బంతి విసరి తన జట్టును గెలిపించిన మొదటి బాలిక యయ్యెను.

మన దేశమున క్రికెట్టు నెఱిగిన వారికి చేతితొడుగు క్యాచరువంటి వికెట్‌కీపరునకే కలదని తెలియును. తక్కిన పదిమందియు నేటికిని వట్టిచేతులతోనే పట్టుదురు. తెలుగు కుటుంబమున పుట్టిన సి. కె. నాయుడు 1932లో లార్డ్సు మైదానమున మన దేశపు మొదటి టెస్టు జట్టును నడపినప్పుడు బంతి పట్టబోయి చేయి గాయపఱచుకొనెను. ఆ చేతితోడనే మొదటి యిన్నింగ్సులో 40 పరుగులు తీసి జట్టులో అందఱను మించెను. ఆయన ధైర్యమునకు నమస్కారము. ఒక యాటకు వట్టిచేయి ధర్మము, వేఱొక యాటకు తొడుగు ధర్మము. ఏది ధర్మమో తెలియక సిగ్గుచే నొప్పి భరించుట మాత్రము ఏ యాటలోను ధర్మము కాదు.

ఇక మా అమ్మాయి వ్రేలి సంగతి. తొడుగులన్నియు కుట్టిన సాయంకాలము, పట్టీలు బిగిసినవో లేవో చూతమని అమ్మాయిని పిలిచి, "ఒకటి తొడిగి చూపుము" అంటిని. అది ఎడమచేతికి తొడిగినది. నేను బంతి విసరితిని, పట్టినది. "ఏదీ, తిరిగి విసరుము" అంటిని. అది తొడుగు నూడదీసి చంకలో పెట్టుకొని, ఆ యెడమచేతితోనే బంతి విసరినది. అప్పుడు నా మనస్సు కలుక్కుమన్నది.

మా అమ్మాయి పుఱ్ఱచేతివాటము. అది నా కెఱుకలేని సంగతి కాదు. పసితనమునుండి ఎడమచేత పలక పట్టిన కుడిచేతికి మార్చుటయు, ఎడమచేత గరిట త్రిప్పిన కసరుటయు నా నిత్యకృత్యములు. ఈ తొడుగు నెప్పుడును విసరని చేతికి వేసికొనవలెను. కుడిచేత విసరువారు ఎడమచేతికి, ఎడమచేత విసరువారు కుడిచేతికి. సంచిలోని తొమ్మిదియు ఎడమచేతివే! బొటనవ్రేలు అటుప్రక్క నున్నందున కుడిచేతికి అవి పట్టవు. ప్రతిసారియు తొడుగు నూడదీసి విసరునప్పటికి ఆలస్యమగుచున్నదని తోడివారు విసుగుకొనుచుండగా, అమ్మాయి తొడుగును మానివేసి వట్టి కుడిచేతితోనే బంతులు పట్టుచున్నది. తలుపుసందు కథ కల్ల. అడిగినకొలది కన్నీరు పెట్టుకొని, "నాది పుఱ్ఱచేయి గనుక నాకు వేఱే తొడుగు కావలెనని అడుగుటకు సిగ్గైనదమ్మా" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. చదివిన పుస్తకములలోని ఇద్దఱు మనుష్యులు కన్నుల ముందు నిలిచిరి. పీట్ గ్రే అను నతనికి బాల్యముననే కుడిచేయి పోయినది. 1945లో అతడు అమెరికా పెద్ద జట్టులలో నొకదానిలో ఆడెను. మెత్త తీసివేసిన తొడుగుతో బంతి పట్టి, తొడుగును మొండిచేతి చంకలో ఇఱికించి, అదే చేత బంతి విసరెడివాడు. జిమ్ అబట్ కుడి హస్తము లేక పుట్టెను. 1989లో పెద్ద జట్టున ప్రవేశించెను. విసరునంతసేపును తొడుగును కుడి మొండిచేతిమీద ఉంచుకొని, విసరినంతనే ఎడమచేయి దానిలో దూర్చెడివాడు. 1993 సెప్టెంబరు 4న ఒక యాటలో ఎదుటివారిలో నెవనికిని ఒక్క హిట్టైనను దక్కనీయక గెలిచెను. చేయి లేనివారు గత్యంతరములేక చేసిన పనిని, రెండుచేతులు నిండుగా నున్న నా బిడ్డ నా సిగ్గును తన సిగ్గుగా మోసికొని చేయుచున్నది!

మహాభారతము చదివితిని, అర్జునుని సవ్యసాచి యని పదిమందికి అర్థము చెప్పితిని. ఎడమచేతను బాణము వేయగలవాడని గదా ఆ బిరుదు! ఆ చేయి గాండీవము పట్టినచో బిరుదమయ్యెను, నా కూతురు గరిట పట్టినచో దోషమయ్యెనా? అమెరికాలో 1995లో గ్రెగ్ హ్యారిస్, 2015లో ప్యాట్ వెండిట్ అనువారు రెండుచేతులతోను విసరుటకై ఆఱు వ్రేళ్ల తొడుగును, ఇరువైపుల బొటనవ్రేళ్లు గలదానిని, జపానుదేశపు మిజునో సంస్థవారిచే చేయించుకొని ఆడిరి. లోకము వారికై క్రొత్త తొడుగునే కుట్టినది. నేను కోరవలసినది ఉన్న తొడుగులలో కుడిచేతిది ఒకటి మాత్రమే.

మఱునాడు పోపులపెట్టె అడుగున దాచిన డబ్బు తీసి మా వారి చేతిలో పెట్టితిని. పాఠశాలలో పుఱ్ఱచేతివాటముగల పిల్ల మఱియొకతె కూడ కలదని వారు విచారించి చెప్పిరి. కావున రెండు తెప్పించితిమి. మొన్న వచ్చినవి.

క్రొత్త తొడుగు చెక్కవలె బిఱుసుగా నుండును. ఇట్టివి మీ యింట నున్నచో ఈ మాటలు గుర్తుంచుకొనుడు. తోలునకు తగిన నూనెను గుడ్డతో పలుచగా రాయవలెను. ఎక్కువైనచో తోలు బరువెక్కి చచ్చుబడును. గుంటలో బంతి పెట్టి, గుడ్డపేలికతో చుట్టి రాత్రియంతయు ఉంచినచో చక్కని వంపు కుదురును. తడిసినచో తుడిచి నీడను ఆరబెట్టవలెను. ఎండనుగాని, పొయ్యిదగ్గరగాని పెట్టినచో తోలు బీటలు వారును. పట్టీ తెగినచో నూలుదారముతో కుట్టరాదు. తోలుపట్టీనే పాతదాని దారిన ఒక్కొక్క రంధ్రముగా దూర్చి బిగింపవలెను. అన్నిటికంటె మంచి ఉపాయము, దినదినము బంతి పట్టుటయే.

మా అమ్మాయి వసారాలో కూర్చుండి తొడుగునకు నూనె రాయుచుండగా మా అత్తగారు గడపలో నిలిచి కొంతసేపు చూచిరి. లోనికి తెమ్మనలేదు. ఆచారము ఆచారమే. కాని "అంత నూనె పోయకే, పాడగును. ఏదీ, ఆ వ్రేలు చూపుము, వాపు తీసినదా?" అనిరి. భోజనమునకు కుడిచేయి, బంతికి ఎడమచేయి అని మా యింట ఒడంబడిక కుదిరినది. గరిట సంగతి నేనిక మాటాడను.

సోదరీమణులారా! మీ యింటిలో ఏ పిల్లయైన వ్రేలు దాచుకొని తిరుగుచున్నదేమో ఒకమారు చూడుడు. తలుపుసందున పడినదన్న మాట వెంటనే నమ్మకుడు. చేతికి తగిన తొడుగు ఏదో అడిగి తెలిసికొనుడు.

వచ్చు నెల తప్పక తిరుగలిని గూర్చి ముచ్చటించుకొందము.